ఉప్పు చెప్పిన లెక్క

1947 సెప్టెంబరు. ఢిల్లీ ఎర్రకోట గోడల వెనక ఎంతమంది తలదాచుకున్నారో ప్రభుత్వానికి తెలియదు. లోపలికి వెళ్లి లెక్కపెట్టే దారి లేదు. బిల్లు మాత్రం తప్పకుండా వస్తోంది. ఆ చిక్కుముడిని వంటింట్లో అన్నిటికన్నా చవకైన సరుకొకటి విప్పింది.

(ఈ గాథలో స్థలం, కాలం, చిక్కు, దాన్ని విప్పిన పద్ధతి నిజంగా జరిగినవే. పేరులేని పాత్రల మాటలు, కదలికలు మాత్రం సన్నివేశం కోసం అల్లినవి.)

కోట తలుపు

పొద్దున్నే లాహోరీ దర్వాజా ముందు లారీ ఆగింది. కాపలా జవాను వెనక చక్రం మీద కాలు మోపి పైకెక్కాడు. బస్తాల మీద చెయ్యి వేసి చూశాడు. ముందంతా బియ్యం, మధ్యలో పప్పు, మూలన తడి పట్టిన మూటలు రెండు మూడు. ఎన్ని బస్తాలని అతను అడగలేదు. అడగడం అతని పని కాదు. కిందికి దిగి చెయ్యూపాడు. తలుపు తెరుచుకుంది, లారీ లోపలికి పోయింది, తలుపు మళ్లీ మూసుకుంది.

కొద్ది వారాల కిందట, ఆగస్టు 16న, ఇదే కోట బురుజు మీద నెహ్రూ మువ్వన్నెల జెండా ఎగరేశారు. కింద మైదానం జనంతో కిక్కిరిసిపోయింది. ఆ సందడి చెవుల్లోంచి పోకముందే ఊరు మారిపోయింది. పంజాబు నుంచి వచ్చే ప్రతి రైలూ ఇల్లూ పొలమూ పోగొట్టుకున్న మనుషుల్నీ, దారిలో చూసిన ఘోరాల్నీ మోసుకొస్తోంది. సెప్టెంబరు మొదటి వారానికి ఆ మంట ఢిల్లీకీ అంటుకుంది. కరోల్ బాగ్, సబ్జీ మండీ, పహాడ్ గంజ్ పేటల్లో తరతరాలుగా ఉంటున్న ముస్లిం కుటుంబాలు రాత్రికి రాత్రి పిల్లల్ని చంకనేసుకుని ఎత్తైన గోడలు ఉన్న చోటు వెతుక్కున్నాయి. కొందరు పురానా ఖిలాకు చేరారు. కొందరు హుమాయూన్ సమాధి తోటలో దిగారు. ఇంకొందరు ఎర్రకోటలోకి వచ్చిపడ్డారు. కలకత్తాలో అల్లర్లు చల్లార్చి సెప్టెంబరు 9న గాంధీజీ ఢిల్లీలో రైలు దిగేసరికి ఊరంతా ఇదే పరిస్థితి.

ఎర్రకోటకూ హుమాయూన్ సమాధికీ పాత బంధుత్వం ఒకటి ఉంది. 1857 సెప్టెంబరులో చివరి మొగలు చక్రవర్తి బహదూర్ షా జఫర్ ఎర్రకోట వదిలి హుమాయూన్ సమాధిలోనే తలదాచుకున్నాడు. అక్కడే ఇంగ్లీషువాళ్లకు పట్టుబడ్డాడు. తొంభై ఏళ్ల తరువాత, అదే నెలలో, అవే గోడలు మళ్లీ దిక్కులేనివాళ్లకు దిక్కయ్యాయి.

వచ్చినవాళ్లకు తిండి పెట్టాలి. కొత్త ప్రభుత్వం ఆ పని కాంట్రాక్టర్లకు అప్పగించింది.

బల్ల మీద బిల్లు

సచివాలయంలో ఒక గది. బల్ల మీద కాగితాల కట్ట. అధికారి కళ్లజోడు తీసి నుదురు రుద్దుకున్నాడు.

"ఇది ఈ వారానిదేనా?"

"అవును సాబ్. నిన్ననే వచ్చింది," అన్నాడు గుమాస్తా.

"పోయిన వారం కంటే బియ్యం పెరిగిందే!"

"జనం పెరిగారని రాశాడు సాబ్."

"ఎంతమంది పెరిగారట?"

గుమాస్తా కాగితం అటూ ఇటూ తిప్పాడు. "అది రాయలేదు సాబ్. సరుకు రాశాడు. ధర రాశాడు. మనుషులెంతమందో రాయలేదు."

"మనం ఎవరినైనా పంపి చూడలేదా?"

గుమాస్తా తలదించుకున్నాడు. ఎవరిని పంపాలి? కోట లోపల ఉన్నవాళ్లు ఇరుగుపొరుగు చేతిలోనే ఇళ్లు పోగొట్టుకుని వచ్చినవాళ్లు. బయటి నుంచి కాగితం, కలం పట్టుకుని వచ్చి 'మీరెంతమంది, మీ పేర్లేమిటి' అని అడిగే కొత్త మనిషిని చూస్తే వాళ్లకు భయమేస్తుంది. భయమున్న చోట ఏదైనా జరగొచ్చు.

అధికారి నిట్టూర్చి సంతకం పెట్టాడు. మనుషులెందరో తెలియనప్పుడు సరుకు ఎక్కువని ఏ నోటితో అనగలడు? కాంట్రాక్టరు ఎంతంటే అంతే ఇవ్వాల్సి వచ్చింది. ఖర్చు మాత్రం కొండలా పెరిగిపోతోంది.

అప్పుడు ఒక సూచన వచ్చింది. జనాన్ని లెక్కగట్టే పని సంఖ్యాశాస్త్రవేత్తలకు అప్పగిద్దాం!

చూడకుండా లెక్కపెట్టాలి

సంఖ్యాశాస్త్రవేత్తల దగ్గర మామూలుగా ఉండే పనిముట్లు మూడు. మొదటిది తలలు లెక్కించడం. దానికి లోపలికి వెళ్లాలి. రెండోది స్థలాన్ని గళ్లుగా విభజించి, కొన్ని గళ్లలో ఉన్నవాళ్లను లెక్కించి మొత్తానికి హెచ్చవేయడం. దానికి కనీసం గోడెక్కి చూడాలి. మూడోది కొన్ని కుటుంబాలను శాంపిలుగా ఎంచుకుని మాట్లాడటం. దానికి లోపలివాళ్లు నమ్మాలి. పిలిపించిన శాస్త్రవేత్తలేమో లోపల ఉన్నవాళ్ల మతం వాళ్లు కారు. కోటలోకి అడుగుపెడితే ప్రాణాలకు పూచీ ఇవ్వలేమని ప్రభుత్వమే చెప్పింది.

మూడు పనిముట్లూ పనికిరాకుండా పోయాయి. అయినా వాళ్లు కుదరదని తిరిగిపోలేదు. తమకు చూపించగలిగింది ఏముందో అది చూపించమన్నారు. గదిలోకి వచ్చింది కాంట్రాక్టర్ల బిల్లుల కట్ట ఒక్కటే. అందులో బియ్యం ఎంత, పప్పు ఎంత, ఉప్పు ఎంత కొన్నారో రాసి ఉంది.

ఎవరూ నమ్మని కాగితాలవి. ఖజానాను ఖాళీ చేస్తున్న కాగితాలు కూడా అవే. వాటిలోంచే నిజం లాగాలి.

మూడు సరుకులు, మూడు జవాబులు

ఇక్కడ ఒక పాత ఆధారం పనికొచ్చింది. ఎర్రకోటతో సంబంధం లేని మామూలు రోజుల్లో, మామూలు కుటుంబాల్లో, మనిషికి రోజుకు సగటున ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత ఉప్పు ఖర్చవుతుందో తిండి వాడకం సర్వేలు తేల్చి పెట్టాయి. కొద్ది ఇళ్లలో చూసిన నిష్పత్తి అది. దాన్ని కోటకు అన్వయిస్తే ఏమవుతుంది?

భాగహారం చిన్నపిల్లలు చేసేదే. కోటలో ఒక రోజు ఖర్చయిన బియ్యాన్ని ఒక మనిషి రోజువారీ బియ్యంతో భాగిస్తే మనుషుల సంఖ్య వస్తుంది. పప్పుతో చేసినా, ఉప్పుతో చేసినా అదే సంఖ్య రావాలి. తినేది అదే జనం కదా.

బిల్లుల్లోని అసలు అంకెలను ఇక్కడ ఇవ్వడం లేదు. పద్ధతి తెలియడానికి నేను కల్పించిన అంకెలతో చేసి చూద్దాం. తూకం అప్పటి ఉత్తరాది తూకమే అనుకుందాం. మణుగుకు 40 సేర్లు, సేరుకు 16 ఛటాకులు లేదా 80 తులాలు.

బిల్లులో రోజుకు బియ్యం 250 మణుగులు అని ఉందనుకోండి. అంటే 10,000 సేర్లు. మనిషికి అర సేరు చొప్పున వేస్తే 20,000 మంది.

పప్పు 24 మణుగులు. అంటే 15,360 ఛటాకులు. మనిషికి ఒక ఛటాకు చొప్పున 15,360 మంది.

ఉప్పు 3 మణుగులు. అంటే 9,600 తులాలు. మనిషికి ఒక తులం చొప్పున 9,600 మంది.

ఒకే కోట, ఒకే రోజు, ఒకే జనం. బియ్యాన్ని అడిగితే ఇరవై వేలంది. పప్పును అడిగితే పదిహేను వేలు దాటించింది. ఉప్పు పదివేలు కూడా లేరంది.

అసలు బిల్లుల్లోనూ వరస ఇలాగే వచ్చింది. బియ్యం చెప్పిన సంఖ్య అన్నిటికన్నా పెద్దది, ఉప్పు చెప్పిన సంఖ్య అన్నిటికన్నా చిన్నది. ముగ్గురు సాక్షులు మూడు మాటలు చెబుతున్నారు. ఎవరిని నమ్మాలి?

ఉప్పే ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు గణితంలో దొరకదు. లెక్క రాసినవాడి మనసులో వెతకాలి.

ఒక్కసారి కాంట్రాక్టరు గుమాస్తా పక్కన కూర్చుందాం. రాత్రి దీపం వెలుతురులో రేపటి బిల్లు రాస్తున్నాడు. బియ్యం దగ్గర కలం ఆగింది. రేషను రోజులు, నల్లబజారు రోజులు. బియ్యం బస్తా అంటే బంగారం. లోపలికి వెళ్లింది నూరు బస్తాలైతే నూట యాభై అని రాస్తే, ఆ యాభై బస్తాల డబ్బూ జేబులోకే. రాశాడు. పప్పు దగ్గరా కాస్త చెయ్యి జారింది. పప్పుకూ ధర ఉంది. ఉప్పు దగ్గరికి వచ్చాడు. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి ఉప్పు మీద పన్ను కూడా పోయింది. దండి సముద్రతీరాన 1930లో గాంధీజీ పిడికెడు ఉప్పు తీసిన పదిహేడేళ్లకు ఆ పన్ను రద్దయింది. ఉప్పు బస్తాలు రెండింతలు రాసినా మిగిలేది చిల్లర పైసలు. ఆ చిల్లర కోసం అబద్ధం రాసి పట్టుబడటం ఎందుకు? ఎంత వెళ్లిందో అంతే రాసి బిల్లు మడత పెట్టాడు.

గుమాస్తా ఊహే కావచ్చు. శాస్త్రవేత్తల తర్కం మాత్రం ఇదే. ఖరీదైన సరుకును పెంచి రాస్తే లాభం, ఉప్పును పెంచి రాస్తే లాభం లేదు. కాబట్టి కాకిలెక్కల బిల్లులో నిజం మిగిలి ఉంటే అది ఉప్పు గడిలోనే మిగిలి ఉంటుంది. ఉప్పు చెప్పిన సంఖ్యనే వాళ్లు ప్రభుత్వానికి ఇచ్చారు.

ఈ ఆలోచన తట్టింది జె.ఎం. సేన్‌గుప్తాకు. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌తో చాలాకాలం కలిసి నడిచిన మనిషి. కోటలోకి అడుగు పెట్టకుండా కోటలోని జనాన్ని లెక్కగట్టాడు.

ఉప్పుకు మరో గుణం కూడా ఉంది. బియ్యం ఉన్నవాడు కడుపునిండా తింటాడు, లేనివాడు సగం కడుపుతో లేస్తాడు. పప్పు కొందరికి రోజూ, కొందరికి పండగనాడు. ఉప్పు అలా కాదు. జమీందారు పులుసులోనూ కూలివాడి గంజిలోనూ అది దాదాపు అంతే పడుతుంది. కూరలో ఎక్కువైతే నాలుకే ఒప్పుకోదు. అందుకే మనిషికీ మనిషికీ మధ్య తేడా ఉప్పులో తక్కువ.

సమాధి తోటలో పరీక్ష

తర్కం ఎంత చక్కగా ఉన్నా అది తర్కమే. పరీక్షకు నిలబడాలి.

హుమాయూన్ సమాధి శిబిరం చిన్నది. ఎర్రకోటతో పోలిస్తే అక్కడున్నవాళ్లు కొద్దిమంది. వాళ్ల సంఖ్య వేరే దారిలో విడిగా తెలిసింది. అక్కడి ఉప్పునూ అదే పద్ధతిలో భాగించి చూశారు. వచ్చిన అంకె అసలు సంఖ్యకు దగ్గరగా వచ్చింది.

గదిలో ఎవరైనా కుర్చీలోంచి లేచి నిలబడ్డారో లేదో గానీ, ఆ క్షణం లేచి నిలబడదగ్గదే. చిన్నచోట జవాబు సరిపోయింది కాబట్టి పెద్దచోట అదే కొలబద్దను ధైర్యంగా వాడొచ్చు. ఆ అంచనాలు ప్రభుత్వానికి నిర్ణయాలు తీసుకోవడంలో పనికొచ్చాయి. అంకెల శాస్త్రం మీద కొత్త ప్రభుత్వానికి గురి కుదిరింది.

మెతుకు వెనక మర్మం

అన్నం ఉడికిందో లేదో చూడటానికి గిన్నెంతా తినక్కర్లేదు, ఒక మెతుకు నొక్కి చూస్తే చాలు. మన అమ్మమ్మలకు తెలిసిన ఈ సంగతే శాంపిలు శాస్త్రానికి పునాది. కానీ అమ్మమ్మ ఇంకో పని కూడా చేస్తుంది. మెతుకు తీసేముందు గరిటెతో అడుగు నుంచి పైకి ఒకసారి కలుపుతుంది. పైన మెతుకు పలుకుగా ఉండొచ్చు, అడుగున మాడి ఉండొచ్చు. కలపకుండా తీసిన మెతుకు తన సంగతే చెబుతుంది, గిన్నె సంగతి చెప్పదు.

ఎర్రకోట లెక్క నిలబడటానికి కారణం కూడా ఇదే. మనిషికి ఇంత ఉప్పు అన్న సగటు కుటుంబాల నుంచి వచ్చింది. అందులో ముసలివాళ్లున్నారు, చంటిపిల్లలున్నారు. కోటలో ఉన్నవీ కుటుంబాలే. అందుకే కొలబద్ద సరిపోయింది. అదే కోటలో పటాలం సిపాయిలు ఉండి ఉంటే ఆ సగటు వాళ్లకు అతికేది కాదు. ఎండలో కవాతు చేసే జవాను తినే ఉప్పూ, పాలు తాగే పాపకు పట్టే ఉప్పూ ఒకటి కావు కదా. శాంపిలుకూ మొత్తానికీ పోలిక ఉన్నప్పుడే నిష్పత్తిని మోసుకుపోవచ్చు.

మరి ఒకడు ఉప్పు ఎక్కువ తింటాడు, ఇంకొకడు తక్కువ తింటాడు, ఆ తేడా ఏమవుతుంది? మనిషి ఒక్కడే అయితే అంచనా బోల్తా కొడుతుంది. వేలమంది చేరేసరికి ఒకరి ఎక్కువను ఇంకొకరి తక్కువ మింగేస్తుంది. శాంపిలును నాలుగింతలు చేస్తే పొరపాటు సగానికి తగ్గుతుంది. నూరింతలు చేస్తే పదో వంతుకు దిగుతుంది. పెద్ద గుంపు గురించి జోస్యం చెప్పడం ఒక మనిషి గురించి చెప్పడం కంటే తేలికవడానికి కారణం ఇదే.

ఈ దారిలో మొదటి అడుగులు యూరప్‌లో పడ్డాయి. 1802లో ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ దేశ జనాభా తేల్చాలనుకున్నాడు. దేశమంతా ఇల్లిల్లూ తిరగడం జరిగే పని కాదు. పుట్టుకలు మాత్రం రిజిస్టర్లలో నమోదవుతున్నాయి. 30 జిల్లాల్లో విస్తరించిన కొన్ని ఊళ్లలో జనాన్ని నిజంగా లెక్కపెట్టించాడు. మొత్తం 20,37,615 మంది. ఆ ఊళ్లలో మూడేళ్లలో పుట్టిన పిల్లలు 2,15,599. అంటే ఏడాదిలో ఒక్కో పుట్టుకకు సుమారు 28.35 మంది జనం. ఏడాదికి దేశంలో పది లక్షల పుట్టుకలనుకుంటే జనాభా 2 కోట్ల 83 లక్షల చిల్లర. లాప్లాస్‌కు ఊయల చెప్పిన లెక్కే సేన్‌గుప్తాకు ఉప్పు చెప్పింది.

మన దేశంలో ఈ విద్యకు గురువు ప్రశాంతచంద్ర మహలనోబిస్. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతూ, అక్కడే ఒక గదిలో 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టారు. ఆయన పెద్ద పరీక్ష బెంగాలు జనపనార మీద జరిగింది. 1940ల దశకంలో పంట ఎంతన్నది రెండు దారుల్లో లెక్కగట్టారు. ఒక దారి మడి మడికీ తిరిగి లెక్కించడం. దానికి 33,000 మంది పనివాళ్లు, 82 లక్షల రూపాయలు ఖర్చు. రెండో దారి శాంపిలు సర్వే. దానికి 600 మంది, 8 లక్షలు. మడి మడికీ తిరిగినవాళ్లు పంట సుమారు 63 లక్షల బేళ్లన్నారు. శాంపిలువాళ్లు 75 లక్షల 40 వేలన్నారు. పంట రేవు దాటాక కస్టమ్స్ లెక్క తేలింది: 75 లక్షల 62 వేలు.

పదింతలు ఖర్చు పెట్టి, యాభై ఐదింతల మందిని తిప్పి, అందరినీ లెక్కపెట్టామన్నవాళ్లు ఆరో వంతు పంటను పోగొట్టుకున్నారు. కొద్దిమంది, బాగా తర్ఫీదు పొందినవాళ్లు, జాగ్రత్తగా ఎంచిన మళ్లను చూసి దాదాపు గురి తప్పకుండా చెప్పారు. ముప్పై మూడు వేల మంది ఎక్కడ నిలబడి రాశారో, ఎక్కడ కూర్చుని రాశారో ఎవరు చూడగలరు? మహలనోబిస్ ఈ జబ్బుకు మందు కూడా కనిపెట్టారు. ఒకే ప్రాంతానికి రెండు జట్లను విడివిడిగా పంపేవారు. ఇద్దరి అంకెలూ కలిస్తే సరే. కలవకపోతే ఎవరో ఒకరు పొలం గట్టెక్కలేదన్నమాట. ఎర్రకోటలో బియ్యం, పప్పు, ఉప్పు చేసిన పని ఇదే. ఒక ప్రశ్నను మూడు నోళ్లతో అడిగినప్పుడే ఏ నోరు తడబడిందో తెలిసింది.

కథను పదిలపరిచిన తెలుగువాడు

ఈ ఉప్పు కథ మనదాకా రావడానికి కారణం ఒక తెలుగువాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు. లోకానికి సి.ఆర్. రావు. 1920 సెప్టెంబరు 10న హడగళిలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. నాన్నగారు పోలీసు ఇన్‌స్పెక్టరు కావడంతో గూడూరు, నూజివీడు, నందిగామ అంటూ ఊరూరా చదువు సాగింది. విశాఖపట్నంలో కాలేజీ చదువు, ఆంధ్రా యూనివర్సిటీలో గణితం. యుద్ధం రోజుల్లో ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం దొరకలేదు, మహలనోబిస్ సంస్థ దొరికింది. 1941లో అందులో చేరిన కుర్రవాడు నలభై ఏళ్ల దాకా దాన్ని వదల్లేదు.

ఎర్రకోటలో లెక్క జరుగుతున్నప్పుడు ఆయన ఢిల్లీలో లేరు. కేంబ్రిడ్జిలో పరిశోధన చేస్తున్నారు. కానీ సేన్‌గుప్తా చేసిన ఆ తెలివైన పనిని ఆయన మరిచిపోలేదు. రామానుజన్ స్మారకోపన్యాసాలను 1989లో 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' పేరుతో పుస్తకంగా తెచ్చినప్పుడు ఈ ఉదంతాన్ని అందులో రాశారు. తన పేరు మీదున్న సిద్ధాంతాలను ప్రపంచమంతా చదువుకుంటున్న మనిషి, తాను చేయని లెక్కను, చేసినవాడి పేరుతో సహా, పదిలంగా అప్పజెప్పారు. 2023లో 102 ఏళ్ల వయసులో అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టు 22న కన్నుమూశారు. హైదరాబాదు గచ్చిబౌలి వైపు వెళ్లేవాళ్లు రోజూ ఆయన పేరున్న రోడ్డు మీదుగానే పోతుంటారు.

మన మడిలో, మన పందిట్లో

ఎర్రకోట కథ చదివి ఇదేదో ఢిల్లీ ముచ్చట అనుకోనక్కర్లేదు. 1950లో జాతీయ నమూనా సర్వే పుట్టింది. దేశం ఏం తింటోంది, ఎంత ఖర్చు పెడుతోంది అన్నది ఇప్పటికీ ఆ దారిలోనే తెలుస్తోంది. 2022-23 వినియోగ సర్వేలో అడిగింది 2,61,746 ఇళ్లను. చెప్పింది నూట నలభై కోట్ల మంది సంగతి.

మన ఊళ్లలో పంటకోత ప్రయోగాలు చూసే ఉంటారు. లాటరీ పద్ధతిలో సర్వే నంబరు తీస్తారు. వరి మడిలో అయిదు మీటర్లు పొడవు, అయిదు మీటర్లు వెడల్పు కొలిచి తాడు కడతారు. ఆ పాతిక చదరపు మీటర్ల పంటను కోసి, నూర్చి, తూకం వేస్తారు. అది ఎకరంలో 162వ వంతు. అక్కడ 12 కిలోలు రాలితే ఎకరానికి 19 క్వింటాళ్ల చిల్లర అని లెక్క. పంటల బీమా సొమ్ము వచ్చేదీ రానిదీ చాలావరకు ఆ తాడు లోపలి గింజల మీద ఆధారపడుతుంది. తాడు ఎక్కడ కట్టాలన్నది లాటరీ చెప్పాలి. పంట బాగున్న చోట కట్టించుకోవాలనే వారికీ, పలచగా ఉన్న చోట కట్టించుకోవాలనే వారికీ ఎవరి అవసరం వారికి ఉంటుంది. బియ్యం బస్తా దగ్గర కలం ఆగినట్టే, తాడు దగ్గర చెయ్యి ఆగుతుంది.

పెళ్లి పందిట్లోనూ ఇదే నడుస్తుంది. భోజనాలకు ఎంతమంది వచ్చారని మగపెళ్లివారు ఒక మాట, ఆడపెళ్లివారు ఒక మాట, వంటమేస్త్రి మరో మాట చెబుతారు. గొప్ప కోసం ఒకరు పెంచుతారు, కూలి కోసం ఇంకొకరు పెంచుతారు. అనుభవమున్న పెద్దాయన ఎవరినీ అడగడు. పెరట్లోకి వెళ్లి ఎన్ని విస్తళ్లు లేచాయో చూసి వస్తాడు. ఎంగిలి విస్తరిని పెంచి చూపించుకుంటే ఎవరికీ గొప్ప లేదు. అందుకే ఆ లెక్క నిజం.

ఎన్నికల ముందు ఎవరికెన్ని సీట్లో చెబుతారు. సభకు లక్షల్లో జనం వచ్చారంటారు. నూటికి తొంభై మంది తమ సరుకే వాడుతున్నారని ప్రకటన వేస్తారు. అలాంటి అంకె వినపడగానే రెండు ప్రశ్నలు వేసుకోండి. మెతుకు తీసేముందు గిన్నె కలిపారా? ఈ అంకె పెరిగితే ఎవరి జేబు నిండుతుంది? రెండో ప్రశ్నకు ఎవరో ఒకరి పేరు వచ్చిందంటే అది బియ్యం లెక్క. దాని పక్కనే ఎవరూ పట్టించుకోని ఉప్పు మూట ఒకటి ఉంటుంది. ముందు దాన్ని తూచండి.